మంచు పెరట్లో ఎర్రపిట్ట

ఉదయం ఏడుంబావు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. బయట మైనస్ పది డిగ్రీలు. వంటింటి కిటికీ పక్కన శాలువా కప్పుకుని కూర్చున్న అత్తయ్యగారు 'వచ్చాడమ్మా...' అన్నారు గుసగుసగా. పెరట్లో జానెడు మంచు. ఆకు లేని కొమ్మ మీద కుంకుమ చిందినట్టు ఎర్రగా ఓ పిట్ట! నేను కెమెరా అందుకునేలోపే తుర్రుమంది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగర శివార్లు. మొన్న జనవరిలో అక్కావాళ్లింటికి వెళ్లినప్పటి సంగతిది. అంతదూరం వెళ్లి పది రోజులూ పెరటి కిటికీ దగ్గరే గడిపానంటే ఆఫీసులో అందరూ నవ్వారు. ఏం చేయను, ఆ పిట్ట అలాంటిది మరి!

దాని పేరు నార్తర్న్ కార్డినల్. మన గోరువంక కన్నా కాస్త చిన్నది. పికిలిపిట్టకున్నట్టే నెత్తిన కుచ్చు, ముక్కు చుట్టూ నల్లటి ముసుగు. క్యాథలిక్ మతపెద్దలైన కార్డినళ్లు వేసుకునే ఎర్రని అంగీల వల్ల వచ్చిందా పేరు. చలికాలం రాగానే చాలా పిట్టలు దక్షిణానికి వలసపోతాయి. ఇది పోదు. రంగూ వెలిసిపోదు. 1926లో కెంటకీ, 1933లో ఒహాయో... అలా మొత్తం ఏడు రాష్ట్రాలు దీన్నే రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నాయి. ఒకప్పుడు పట్టి పంజరాల్లో పెట్టి అమ్మేవారట. 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం ఇప్పుడు దీన్ని కాపాడుతోంది. వలసే వెళ్లని పిట్టకి వలసపక్షుల చట్టం!

మొదటి మూడు రోజుల ఫొటోలు చూస్తే ఏడుపొచ్చింది. మంచేమో బూడిదరంగులో, పిట్టేమో నల్లగా. ఎటుచూసినా తెలుపే ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని కెమెరా తనంతట తానే తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని మనమే ఒక మెట్టు పెంచాలి. మరీ పెంచితే ఎరుపంతా ముద్దయిపోయి ఈకలు విడిగా కనిపించవు. పోనీ కిటికీ తెరిచి తీద్దామా అంటే ఇంట్లోని వెచ్చటి గాలీ బయటి చలిగాలీ కలిసి ఎండమావిలా అల్లాడతాయి, బొమ్మ మసకబారుతుంది. బయటికెళ్తే బ్యాటరీ త్వరగా నీరసించిపోతుంది. రెండోదాన్ని లోపలి జేబులో ఒంటికి ఆనించి దాచుకోవాల్సిందే. తిరిగి ఇంట్లోకి వచ్చేముందు కెమెరాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించాలి, లేదంటే లెన్స్ అంతా చెమ్మే. ఇన్ని పాట్లు పడినా... పొద్దున్నే అన్ని పిట్టలకన్నా ముందు, సాయంత్రం అన్నిటికన్నా ఆఖర్న వస్తుందిది. అంటే సరిగ్గా వెలుతురు లేనప్పుడు!

అత్తయ్యగారంటే అక్క అత్తగారు. ఊరు అమలాపురం. మామయ్యగారు పోయాక బావగారు ఆమెని ఆర్నెల్లు ఉందురుగానని తీసుకొచ్చారు. పగలంతా ఇంట్లో ఒక్కరే. మోకాళ్ల నొప్పులతో మంచులో అడుగుపెట్టలేరు. పెరటి గుమ్మంలో నిలబడే చెయ్యి చాచి పళ్లెంలో గింజలు పోస్తారు. పొద్దుతిరుగుడు పోస్తే ఉడతలు ఖాళీ చేసేస్తున్నాయని కుసుమలు తెప్పించారు. వాటిని ఉడతలు పెద్దగా ముట్టవు, కార్డినల్ ఇష్టంగా తింటుంది. 'మనింట్లో చూరుకి వరికుచ్చులు కట్టేవాళ్లం కదా పిచ్చుకలకి, ఇదీ అంతే' అన్నారు.

కార్డినల్ కనిపిస్తే పోయినవాళ్లు మనల్ని చూడటానికి వచ్చినట్టేనని అక్కడ చాలామంది నమ్మకం. పక్కింటావిడ ఆ మాట చెప్పిందట. 'మనకి కాకి, వీళ్లకి ఇది. అయినా మీ మామయ్యగారు జన్మలో ఎర్రచొక్కా వేసుకోలేదే అమ్మాయ్' అని నవ్వారు అత్తయ్యగారు. నవ్వి, చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు.

నాకు కిటుకు చెప్పిందీ ఆవిడే. 'వాడు తిన్నగా పళ్లెంలోకి దిగడు. ముందు ఎక్కడో వాలి నాలుగు దిక్కులూ చూసుకుంటాడు. అక్కడో ఎండుకొమ్మ గుచ్చు.' గుచ్చాను. మర్నాడు పొద్దున్నే దాని మీదే వాలింది! వరసగా ఫొటోలు తీసి గర్వంగా చూపిస్తే, 'ఎప్పుడూ వాణ్నే తీస్తావేం? ఆవిడ మాటేమిటి?' అన్నారు.

నిజమే. ఆడపిట్టని నేను పట్టించుకోనేలేదు. ఒళ్లంతా లేత గోధుమరంగు. కుచ్చుకీ రెక్కలకీ తోకకీ మాత్రం ఎరుపు పూసినట్టుంటుంది. చాలా పక్షిజాతుల్లో పాట మగవాటిదే. ఇక్కడ ఆవిడ కూడా పాడుతుంది. మంచులో ఎరుపు ఎవరికైనా కనిపిస్తుంది, ఆ గోధుమరంగుని మాత్రం వెతుక్కోవాలి.

ఎనిమిదో రోజు సాయంత్రం అయిదున్నర. ఐఎస్ఓ 6400కి పెంచితేగానీ పని జరగని చీకటి. కొమ్మ మీద అతను, పళ్లెం అంచున ఆమె. చలికి ఇద్దరూ ఈకలు ఉబ్బించుకుని బంతుల్లా ఉన్నారు. ఒక్క ఫొటో దక్కింది. అతను కాస్త మసక, ఆమె కన్ను మాత్రం స్పష్టంగా వచ్చింది. పోటీలకి పంపే ఫొటో కాదు. అత్తయ్యగారికి మాత్రం అదే నచ్చింది.

ఫిబ్రవరి మొదట్లో ఆవిడ తిరిగొచ్చేశారు. ఆ ప్రింటుని పట్టుచీర మడతల్లో పెట్టుకుని తెచ్చుకున్నారు. ఆ నెలంతా మనకి సాయంత్రం పావుతక్కువ ఆరయ్యేసరికి, అంటే అక్కడ ఉదయం ఏడుంబావుకి, అమలాపురం నుంచి అక్కకి ఫోన్ వెళ్లేదట.

'గింజలు పోశావా? వచ్చారా ఇద్దరూ?'