క్యాసెట్‌లో పెళ్లి

ఆళ్లగడ్డ శిల్పి చెక్కిన బొమ్మను చూడ్డానికి కళ్లుంటే చాలు. వీడియో క్యాసెట్‌లోని పెళ్లిని చూడాలంటే యంత్రం కావాలి. 1976లో జపాన్‌లో జేవీసీ తెచ్చిన వీహెచ్‌ఎస్ ప్లేయర్లను చివరిదాకా తయారుచేసిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో చేతులెత్తేసింది.

నంద్యాలలో మా చిన్నాయన ఇంట్లో బీరువా మీద ఇంకా క్యాసెట్లున్నాయి. "బొమ్మ రాకుంటే చెడిపోయినట్టే గదరా, పారెయ్" అంటాడాయన. నేనొప్పుకోను. తెరంతా చుక్కలై, మాట మాత్రం తేటగా వినిపిస్తుంటే చాలాసార్లు క్యాసెట్ తప్పుండదు, టేపును చదివే హెడ్డుకు మురికి పట్టి ఉంటుంది. మన పాల్ వీడియో పద్ధతిలో, హెడ్లు బిగించిన లోపలి డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. స్పిరిట్‌తో తడిపిన మెత్తటి తోలుముక్కను దానికి ఆనించి పట్టుకుని, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరిగిపోతుంది. దూది వాడే మహానుభావులకో దండం. పోగులు హెడ్డుకే చిక్కుకుంటాయి.

అడ్డంగా చారలు పాకితే ట్రాకింగ్ సవరించి చూడొచ్చు. అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్టయితే ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది, మన పాత ప్లేయర్లో రంగులు రాకపోయినా వింతేం లేదు.

అసలు భయం బూజుతోనే. టేపు చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే ప్లేయర్లో పెట్టకూడదు, మిగతావాటికీ అంటుతుంది. అలాంటివి వేరే సంచిలో కట్టిపెట్టి, బాగున్నవాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. పిన్నమ్మకు ఈ వరస నచ్చలేదు. "ముందు అహోబిలం పెళ్లిది ఎక్కించు నాయనా, దాంట్లో మా అమ్మ ఉంది" అంటోంది. అది బూజు సంచిలో ఉంది.