తిరువయ్యారు యాత్ర

తంజావూరి ప్రాంతములకు యాత్రబోయి వచ్చిన మనవారనేకులు పెద్దగుడి గోపురమును, నాయకరాజుల ప్రాసాదమును, సరస్వతీ మహలు గ్రంథాలయమును విరివిగా వర్ణించుచుందురు. తిరువయ్యారునకు గూడ బోయినవారు త్యాగరాజస్వామివారి సమాధిని గూర్చి భక్తితో జెప్పుదురు. కాని యా సమాధి కభిముఖముగా చేతులు జోడించుకొని కూర్చున్న స్త్రీమూర్తిని గూర్చి చెప్పువారు మాకంతగా గానరాలేదు. ఆ సన్నిధిలో గుడి కట్టించినది ఆమెయే. ఆమె పేరు బెంగుళూరు నాగరత్నమ్మ. మేము చూచి వచ్చిన దానిని, చదివి తెలిసికొనిన దానిని జేర్చి యామెను గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

మా యాత్ర మాఘమాసారంభమున జరిగినది. పుష్య బహుళ పంచమినాటి ఆరాధనోత్సవము ముగిసి కొలది దినములైనది. ఉత్సవమునాడు నేల యీనినట్లు జనముందురు గనుక, తీరికగా చూడగోరువారు తరువాత బోవుటయే మేలని మావారు నిశ్చయించిరి. మా అత్తగారును మాతో బయలుదేరిరి. చెన్నపట్టణమున రాత్రి రైలెక్కి తెల్లవారునప్పటికి తంజావూరు చేరితిమి.

మొదట బృహదీశ్వరాలయమునకు బోతిమి. రాజరాజచోళుడు 1010 ప్రాంతమున పూర్తిచేయించిన యా విమానము 200 అడుగులకు మించిన యెత్తున నిలిచియున్నది. తల పైకెత్తి చూచుట యెవరికైనను సహజమే. కాని మేము గోడల దిగువభాగమున జెక్కిన శాసనములకడ నెక్కువసేపు నిలిచితిమి. అందొకదానియందు ఆలయసేవకై వివిధ గ్రామములనుండి రప్పించిన 400 మంది స్త్రీల పేర్లు వరుసగా గలవు. ఒక్కొక్కతె యే ఊరిగుడినుండి వచ్చినది, ఏ వీథిలో ఎన్నవ ఇల్లు ఆమె కిచ్చిరి అనుదానిని గూడ వ్రాయించిరి. ఏటికి 100 కలముల ధాన్యము ఒక్కొక్కరికి జీవనభాగము. ఆడుటయు పాడుటయు వీరి వృత్తి. వేయి యేండ్లనాటి మహారాజునకు వారి పేర్లు శిలపై నిలుపదగినవిగా దోచినవి. ఆ వృత్తికే చెందిన వంశముల స్త్రీలకు తరువాతి కాలములో ఎట్టి యవమానము కలిగినదో ముందు చెప్పబోవుదుము.

తంజావూరు మన తెలుగునకు పుట్టినిల్లు గాకపోయినను మెట్టినిల్లు వంటిది. 17వ శతాబ్దమున రఘునాథనాయకుని కొలువులో రామభద్రాంబ, మధురవాణి సంస్కృతమున కావ్యములు రచించిరి. అతని కుమారుడు విజయరాఘవుని కొలువులో రంగాజమ్మ తెలుగున ప్రబంధ యక్షగానములు రచించినది. తరువాత మహారాష్ట్ర ప్రభువులు వచ్చినను తెలుగునకు మన్నన తగ్గలేదు. 18వ శతాబ్దమున ప్రతాపసింహుని ఆస్థానమందు ముద్దుపళని యను విదుషీమణి “రాధికాసాంత్వనము” అను నాలుగాశ్వాసముల కావ్యమును రచించెను. ఈ పేరును గుర్తునందుంచుకొనుడు. మన కథలో నిది మరల వచ్చును.

తంజావూరినుండి తిరువయ్యారు ఉత్తరముగా సుమారు 13 కిలోమీటర్లు. బస్సులో బోవుచుండగా వంతెన తరువాత వంతెన వచ్చును. వడవారు, వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి, కావేరి — ఈ యైదింటిని దాటి యూరు చేరవలెను. అయ్యారు అనగా అరవమున ఐదు ఏరులు. సంస్కృతమున పంచనదక్షేత్రమందురు. ఇరుప్రక్కల వరిపొలములు, అరటితోటలు, కొబ్బరిచెట్లు. మా అత్తగారు కిటికీ వైపు కూర్చుండి, “అచ్చముగా మన గోదావరి కాలువగట్టువలె నున్నదే!” అని మాటిమాటికి ననుచుండిరి.

పంచనదీశ్వరుని, ధర్మసంవర్ధనీ దేవిని సేవించుకొని తిరుమంజనవీథికి వచ్చితిమి. త్యాగరాజస్వామి కాపురముండిన వీథి యిదియే. ఆయన 1767లో తిరువారూరున జన్మించి, ఈ యూరనే బ్రతుకెల్ల గడపి, తుదిలో సన్న్యసించి, 1847 జనవరి 6వ తేదీన సిద్ధినొందెను. అరవదేశమున బుట్టి పెరిగినను ఆయన ఇంటి భాష తెలుగు. అందుచేతనే యీనాటికిని తెలుగు మాటాడనేరని గాయకులు సయితము తెలుగు కీర్తనలు కంఠస్థము చేయవలసివచ్చుచున్నది.

కావేరి యొడ్డునగల సమాధికి మధ్యాహ్నము వాలిన పిమ్మట బోతిమి. ఉత్సవమునకు వేసిన పందిరి రాటలను పనివారు పీకుచుండిరి. ఏటిలో నీరు పలుచగా పారుచుండెను. గుడి చిన్నదే. లోపల బృందావనమును, స్వామివారి మూర్తియు గలవు. ఎదురుగా, కొంత యెడముగా నాగరత్నమ్మగారి సమాధియు, కూర్చుండి నమస్కరించుచున్న యామె శిలామూర్తియు గలవు. చీరకుచ్చెళ్లు, తలలోని పూవులు కనబడునట్లు చెక్కినారు. గుడి తలుపు తీసినపుడెల్ల ఆమె చూపు స్వామివారిపైననే యుండును.

ఈమె 1878లో మైసూరు సీమయందలి నంజనగూడున జన్మించెను. తల్లి పుట్టలక్ష్మమ్మ. దేవదాసీకులము. బాల్యముననే సంస్కృతము, కన్నడము, తెలుగు, ఆంగ్లము నేర్చెను. సంగీతమునందును నాట్యమునందును ఆరితేరెను. మైసూరున పేరొంది, పిమ్మట చెన్నపురి చేరి, కచ్చేరీలవలన విశేషముగా ధనమార్జించెను. సుప్రసిద్ధ గాయకులు బిడారం కృష్ణప్పగారు ఆమెకు గురువులు.

త్యాగరాజస్వామివారి సమాధి కాలక్రమమున పాడుపడగా, 1903లో శిష్యపరంపరలోని ఉమయాళ్పురం సోదరులు కొంత బాగుచేయించిరి. తరువాత అచ్చట ఏటేట ఆరాధన జరుగసాగెను. కాని గాయకులలో కక్షలు పుట్టి, పెద్దకక్ష, చిన్నకక్ష అని చీలిపోయిరి. ఎవరి ఉత్సవము వారిది. సమాధిని పట్టించుకొనువారు మాత్రము లేకపోయిరి. ఆ దుస్థితిని గూర్చి కృష్ణప్పగారు వ్రాసిన లేఖ 1921లో నాగరత్నమ్మగారికి అందెను. ఆమె అప్పటికి నలువదియేండ్లు దాటినది. ఆ యేటనే అక్టోబరు 27న శంకుస్థాపన చేయించెను. తన సొమ్ము వెచ్చించి మూర్తిని చెక్కించి, గుడి కట్టించి, 1926 జనవరి 7న ప్రతిష్ఠ జరిపించెను.

సోదరీమణులారా, ఇక్కడ మీరొక్క క్షణము ఆగి యోచింపవలెను. గుడి యామెది; ధనమామెది; శ్రమ యామెది. కాని యా గుడిముందు ఆరాధనలో పాడుట కామెకు హక్కు లేకపోయెను! స్త్రీలు సభలో పాడరాదని ఇరుకక్షలవారి నిశ్చయము. ఇతర విషయములందు కలియని యా కక్షలు ఈ యొక్క విషయమున కలిసినవి.

ఆమె గుడికి తాళము వేసికొనలేదు, అలిగి చెన్నపురికి బోలేదు. 1927లో తనవంటి గాయనులను జేర్చుకొని, గుడి వెనుకతట్టున స్త్రీలచేత వేరుగా ఆరాధన నడిపించెను. జనులు దానికి ఆడవారి కక్ష యని పేరుపెట్టిరి. ముందు మగవారు, వెనుక ఆడవారు — ఇట్లు పది పండ్రెండేండ్లు గడచెను. తుదకు పెద్దలు పూనుకొని 1940 ప్రాంతమున కక్షలను కలిపిరి. 1941 మొదలు స్త్రీలును పురుషులును ఒక్క సన్నిధిని పాడుట జరుగుచున్నది. నేడు పంచమినాడు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములందలి పంచరత్నకీర్తనలను వందలకొలది గాయనీగాయకులు ఒక్కగొంతుకతో పాడుచుండగా రేడియోలలో వినుచున్నాము. ఆ గొంతుకలలో స్త్రీకంఠము వినబడుట కింత కథ జరిగినది.

ఇంక రాధికాసాంత్వనము మాట. నాగరత్నమ్మగారు ఒక గ్రంథమును చదువుచు అందు ముద్దుపళని ప్రశంసను జూచి, ఆ కావ్యమును వెదకి తెప్పించుకొనెను. దొరకిన అచ్చుప్రతిలో కొన్ని పద్యములు లోపించియుండెను. వ్రాతప్రతి సంపాదించి, పాఠమును సరిచూచి, 1910లో వావిళ్లవారిచే సమగ్రముగా ప్రకటింపజేసెను. కందుకూరి వీరేశలింగముపంతులుగారు ఆ కావ్యమును అసభ్యమని గర్హించియుండిరి. ఆమె యూరకుండలేదు. సిగ్గు స్త్రీలకు మాత్రమే విధించిన ధర్మమా, పురుషకవులు వ్రాసిన ప్రబంధములలో ఇంతకుమించిన శృంగారము లేదా యని పీఠికలోనే ఎదురు ప్రశ్న వేసెను. ప్రభుత్వమువారు 1911లో ఆ పుస్తకమును నిషేధించిరి. టంగుటూరి ప్రకాశంపంతులుగారు మద్రాసు ప్రధానమంత్రిగా నున్న 1946-47 నాటిగాని యా నిషేధము తొలగలేదు. 1952లో వావిళ్లవారు మరల ముద్రించిరి. ఆ యేటనే మే 19వ తేదీన నాగరత్నమ్మగారు పరమపదించిరి.

మా తండ్రిగారు మాకు ప్రబంధములు పాఠము చెప్పునపుడు కొన్ని పుటలను దాటించి ముందునకు బోవుచుండెడివారు. అన్ని కావ్యములలోను అట్టి పుటలుండెడివి. అవన్నియు పురుషులు వ్రాసినవే. పుటలు దాటింపబడినవే కాని ఆ పుస్తకములు మాకు నిషేధింపబడలేదు. నాగరత్నమ్మగారి ప్రశ్న చదివినపుడు ఆ సంగతి మాకు స్ఫురించినది.

ఒక్కమాట దాచరాదు. గుడులకు బాలికలను దేవదాసీలుగా అంకితము చేయుట మాన్పవలెనని డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు 1920లలో ఉద్యమించినపుడు, నాగరత్నమ్మగారు దేవదాసీల సంఘము పక్షమున ఎదురు నిలిచిరి. తమ కులమున అనాదిగా వచ్చుచున్న విద్యయు, స్త్రీలకుగల ఆస్తిహక్కును పోవునని వారి భయము. బాలికల బ్రతుకులు చెడుచున్నవని డాక్టరుగారి బాధ. 1947లో చట్టము వచ్చినది. అది మేలే చేసినదని మా నమ్మకము. అయినను ఆ విద్యను దాచి మన కందించిన స్త్రీల పేర్లు చట్టముతోపాటు తుడిచిపెట్టవలసిన పని యేమి?

ఈ సంగతులన్నియు మేము గుడిముంగిట మా అత్తగారికి చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “కుటుంబస్త్రీలము, మన మీమెకు మ్రొక్కవచ్చునా అమ్మాయీ?” అని యడిగిరి. మావారు కల్పించుకొనక యేటి వైపు నడచిరి. “నిత్యము మీరు పూజలో పాడుకొను కీర్తనలు ఆ స్వామివారివే కదా అత్తయ్యా. ఆయన గుడిని నిలిపిన చేతులివి” అంటిమి. ఆమె ఔననలేదు, కాదనలేదు.

అర్చకులు హారతి యిచ్చి, మేము తెలుగువారమని యెరిగి, వచ్చీరాని తెలుగున, “ఒక కీర్తన పాడండమ్మా, ఇక్కడ ఎవరైనా పాడవచ్చును” అనిరి. మేము సంకోచించుచుండగానే అత్తగారు గడపప్రక్కన కూర్చుండి, కన్నులు మూసికొని, ప్రతిదినము తులసికోటకడ పాడునదే సన్నని గొంతుకతో పాడిరి. డెబ్బదియేండ్ల జీవితములో పరపురుషుల యెదుట ఆమె గొంతెత్తుట మేమెరుగము. రాటలు పీకుచున్న పనివారు పని నిలిపి వినిరి. పాట ముగిసిన పిమ్మట ఆమె లేచి, కొంగున ముడివేసికొనిన చామంతిపూవులలో సగము స్వామివారికిచ్చి, తక్కిన సగము ఆ స్త్రీమూర్తి పాదములకడ నుంచిరి. తిరుగుప్రయాణమున దీనిని గూర్చి ఆమెయు మాటాడలేదు, మేమును అడుగలేదు.

నాగరత్నమ్మగారు తన యాస్తిని ఆ సన్నిధికే వ్రాసియిచ్చుచు, ఆరాధనలో స్త్రీలకు పాల్గొను హక్కుండవలెనను నియమమును గూడ వ్రాయించెను. ఆమె దూరదృష్టి యట్టిది. గెలిచినది మరల పోవునేమో యను జాగ్రత్త గలవారే అట్లు వ్రాయింతురు.

పోదలచిన సోదరీమణులకు రెండు మాటలు. ఉదయము తంజావూరున పెద్దగుడి చూచుకొని, భోజనానంతరము బయలుదేరినచో ఎండ తగ్గువేళకు కావేరి యొడ్డు చేరవచ్చును. పిల్లలను ఏటిమెట్లకడ జాగ్రత్తగా పట్టుకొనుడు. పూవులు రెండు పొట్లములు కొనుడు. పోలేనివారు తమ యిండ్లలోనే యొక పని చేయవచ్చును. మీ అవ్వలు, మేనత్తలు పాడిన పాటలు మీకు గుర్తుండును. అవి యెవరియొద్ద నేర్చిరో అడిగి, ఆ నేర్పినవారి పేర్లను ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. రాజరాజు శిలపై వ్రాయించినాడు; మనకు కాగితము చాలును.