నాన్నని రావద్దని చెప్పత్తా

మా అన్నయ్య నెలకోసారి రేపల్లెలో పొద్దున రైలెక్కి తెనాలి పోతాడు. కూతురు అక్కడ హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతోంది. ఆయన చేతిలో స్టీలు గిన్నె, గిన్నెలో పీతల కూర. పోయిన వానాకాలం ఆ పిల్ల నాకు ఫోన్ చేసి, "అత్తా, నాన్నని ఇక్కడికి రావద్దని చెప్పు" అంది. ఎందుకే అంటే నోరు విప్పలేదు. ఆ శనివారమే పోయి బాపట్లకు, నా దగ్గరికి తెచ్చుకున్నాను.

రాత్రి అన్నం దగ్గర చెప్పింది. క్లాసులో టీచరు ఈ పిల్లని లేపి కిటికీ పక్కన కూర్చోమందట. "మీ వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఆ నీచు వాసనే" అందట. పిల్లలు నవ్వారు. మర్నాటి నుంచి ఆ బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు. ఈమె దాచుకున్న డబ్బులతో పౌడరు డబ్బా కొని, రోజుకి ఇంత ఒంటి మీద గుమ్మరించుకుంటోంది.

నీచుకీ నీచానికీ చెవిలో ఎంత దూరం? నాకు ఒళ్ళు మండింది. తెల్లారగానే ఆ బడికి పోయి అడుగుదామనుకున్నాను. కానీ పిల్ల నిద్రపోయాక ఆమె సంచి విప్పి యూనిఫాం ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిజం చెప్పాలి, వాసన ఉంది. అయితే అది నీచు కాదు. హాస్టల్లో నెల రోజులుగా చేప మొహం చూడని పిల్లకి నీచు ఎక్కడిది? ఆరని గుడ్డ ముక్కిన వాసన, చంకల దగ్గర చెమట, దాని మీద పౌడరు. మూడూ కలిసి మరీ ఘాటుగా ఉన్నాయి.

మర్నాడు ఒక్కొక్కటే అడిగాను. యూనిఫాం మూడు జతలున్నాయి గానీ రెండు కిందటేడువి, చంకల దగ్గర పట్టేస్తున్నాయి. అందుకని ఒక్కటే సాయంత్రం ఉతికి, మంచం కమ్మీ మీద ఆరేసి, పొద్దున పచ్చిగానే తొడుక్కుంటోంది. మేడ తలుపుకి తాళం, కాబట్టి గుడ్డలకి ఎండ లేదు. మరి స్నానం? స్నానాల గదికి గడియ లేదు. లంగా గుండెల మీదికి కట్టుకుని నాలుగు చెంబులు పోసుకుని వచ్చేస్తోంది. నాకు మా కాలవ కట్ట గుర్తొచ్చింది. యానాది కాలనీలో మా ఆడవాళ్ళందరం అలాగే చీకటితో కాలవలో మునిగేవాళ్ళం. సబ్బు గుడ్డ పైనే తిరిగేది. ఎండాకాలం కాలవ కట్టేస్తే ఆ మునగడం కూడా లేదు. ఈ పిల్లకి సబ్బు ఉంది. లేనిది తలుపు.

ఆ పూట తలుపేసుకుని నేర్పాను. ముందు భయం తీర్చాలి కాబట్టి ఒంటి సంగతి చెప్పాను. చంకల్లో, గజ్జల్లో ఒక రకం చెమట గ్రంథులుంటాయి, పది పన్నెండేళ్ళప్పుడు అవి పని మొదలుపెడతాయి. ఆ చెమటకి దాదాపు వాసనే ఉండదు. చర్మం మీది సూక్ష్మజీవులు దాన్ని తింటాయి, అప్పుడు పుడుతుంది వాసన. షావుకారు కూతురికీ ఇంతే, ఆ టీచరు కూతురికీ ఇంతే. "మన కులానికి కాదా అత్తా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆ పిల్ల ఎన్నాళ్ళ నుంచి మోస్తోందో.

తర్వాత చేతల్లోకి దిగాం. సబ్బు నురగ చంకల్లో, గజ్జల్లో చేత్తో రుద్ది, ఇరవై లెక్కపెట్టి కడగడం. పొడి తువ్వాలుతో బాగా తుడుచుకోవడం. తడి ఒంటి మీద పౌడరు చల్లకపోవడం. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే పటిక ఉంది చూడండి, ఆ ముక్క తడిపి చంకల్లో రాస్తే చాలాసేపు పని చేస్తుంది. చర్మం మండితే మానెయ్యాలి. గౌను తిరగేసి చంకల దగ్గర సబ్బు పెట్టి ఉతకాలి, తిరగేసే ఆరెయ్యాలి. సాక్సు రోజూ ఉతకాల్సిందే. బిగుతైన రెండు జతలకీ కుట్లు విప్పి గుడ్డ అతికించాను. దురదా పుండూ ఉంటే, కడిగినా పోని వాసన ఉంటే డాక్టరుకి చూపించాలి, అది పటికతో అయ్యేది కాదు.

హాస్టలుకి గడియ నేనే కొనుక్కెళ్ళాను. మేడ తాళం సాయంత్రం ఒక గంట తీయడానికి వార్డెన్ ఒప్పుకుంది. దండేనికి నైలాను తాడు పిల్లలే కట్టుకున్నారు. ఈ రెండిటితో ఆ గదిలో పదిమంది పిల్లల వాసన తగ్గింది. వాళ్ళలో మా వాళ్ళు ఇద్దరే.

టీచరుతో గొడవ పడలేదు. పడాల్సిందేమో. "మంచికే చెప్పానండీ" అంది. "మంచికైతే చెవిలో చెప్పొచ్చు కదండీ, మీ వాళ్ళు అనకుండా" అన్నాను. నేనూ టీచర్నే. పిల్ల దగ్గర వాసన వస్తే గుడ్డలు ఎక్కడ ఆరేస్తోంది, ఎక్కడ స్నానం చేస్తోంది అని విడిగా అడగాలని మాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. బాపట్లకీ చీరాలకీ మధ్య స్టూవర్టుపురం ఉంది. అక్కడి ఎరుకల నేస్తం ఒకామె ఇది విని, "మమ్మల్ని దొంగలన్నారు, మిమ్మల్ని కంపన్నారు" అంది. పుట్టుకతోనే మనిషిని నేరస్థుణ్ణి చేసిన చట్టం 1952లో పోయింది. మాట మాత్రం క్లాసుల్లో తిరుగుతూనే ఉంది.

అన్నయ్యకి నేను చెప్పలేదు. ఎలాగో తెలిసింది. రొయ్యల చెరువుల్లో పని, చేతులకి నీచు ఉంటుంది, ఉండక ఏం చేస్తుంది? ఫోన్లో గొంతు తగ్గించి, "ఏం రాస్తే పోద్దమ్మా?" అని అడిగాడు. చింతపండు రుద్దుకో, పులుపు తగిలితే ఆ వాసన గాల్లోకి లేవదు, కట్టుబడిపోతుంది అన్నాను. చెప్పి ఫోన్ పెట్టేశాక మనసు బాగాలేదు. కూతురికి చెప్పినంత సులువుగా ఆయనకి చెప్పకుండా ఉండాల్సింది.

తర్వాతి నెల తెనాలి స్టేషన్లో కలిసి ఇద్దరం హాస్టలుకి నడిచాం. ఇస్త్రీ చొక్కా, ఒట్టి చేతులు. గేటు దాకా వచ్చి వేపచెట్టు కింద ఆగిపోయాడు. పిల్ల పరుగెత్తుకొచ్చి ఆయన చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కూరేది నాన్నా?"

అన్నయ్య నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.