నాన్నగారి కంప్యూటరుకి విండోస్ 11 ఎక్కించాలా?

ఊరెళ్ళిన సాఫ్ట్‌వేరు ఇంజినీరుకి పండగ పూట కూడా డ్యూటీ తప్పదు. మనం ఆఫీసులో రాసేది ఏ బ్యాంకు వాడి బ్యాకెండో అయినా సరే, ఊళ్ళోవాళ్ళ దృష్టిలో మాత్రం కంప్యూటరు డాక్టరే. అత్తయ్యగారి ఫోను నిండిపోతుంది, పక్కింటాయన ప్రింటరు మొరాయిస్తుంది, ఇంకెవరికో పాస్‌వర్డు గుర్తుండదు. "నాకు హార్డ్‌వేరు రాదండీ" అంటే నమ్మరు సరికదా, "అంత జీతం ఎందుకిస్తున్నార్రా మరి?" అంటారు.

2026 సంక్రాంతికి ఏలూరు వెళ్ళినప్పుడు కూడా అదే తంతు. తెల్లారకుండానే రైలు దిగి, ఇంటికెళ్ళి, కాఫీ తాగుతుంటే నాన్నగారు నెమ్మదిగా అన్నారు.

"అబ్బాయ్, కంప్యూటరు ఏదో అంటోందిరా. తీరిగ్గా ఓసారి చూడు."

చూశాను. అది అంటున్నది మనందరికీ తెలిసిన సంగతే. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కాలం చెల్లింది. ఇక భద్రతా మరమ్మతులు రావు, విండోస్ 11కి మారండి, లేదా కొత్త కంప్యూటరు కొనుక్కోండి అని దాని సారాంశం. ఆఫీసులో అయితే ఇది ఐదు నిమిషాల నిర్ణయం. కానీ ఈ కంప్యూటరు ముందు నేను మూడు రోజులు కూర్చున్నాను. ఎందుకో చెప్పాలంటే ఇరవై రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

2002లో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, విండోస్ 98 ఉన్న ఒక అసెంబుల్డు డబ్బా తీసుకొచ్చి ఇంట్లో పెట్టాను. నాన్నగారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. వీధి చివర డీటీపీ కుర్రాడి దగ్గర కూర్చుని పేజ్‌మేకరూ, అను ఫాంట్లూ, ఆపిల్ కీబోర్డూ నేర్చుకున్నారు. (పేజ్‌మేకరు సీడీ ఎక్కడిది అని మాత్రం అడక్కండి. ఆ రోజులు అలాంటివి.) అప్పట్లో మామ్మ మా ఇంట్లోనే ఉండేది. కైకలూరు అవతల కొల్లేటి లంకలో పుట్టి పెరిగిన మనిషి. సాయంత్రాలు ఆవిడ చెప్పుకుంటూ పోతుంటే నాన్నగారు టైపు చేసేవారు. తాటిదోనెల్లో పెళ్ళివారు రావడం, మావులు కట్టి చేపలు పట్టడం, వరదొస్తే ఇంట్లో మంచాల మీద మంచాలు వెయ్యడం, కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరనాళ్ళు, కొర్రమీను, మట్టగిడస, బొమ్మిడాయి, చేదుపరిగెల్లో ఏది ఏ కార్తెలో రుచి... ఇలా నలభై పేజీలు అయ్యాయి. 2003లో మామ్మ పోయింది.

2004 దసరాకి నేనొచ్చాను, ఎక్స్‌పీ సీడీ పట్టుకుని. నా ఉత్సాహానికి కారణం ఉంది. 98లో తెలుగు యూనికోడు చూపించే ఏర్పాటు లేదు. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చింది. కంట్రోల్ ప్యానెల్లో ఒక టిక్కు పెట్టి, సీడీ లోపలికి తోస్తే చాలు, విండోసే తెలుగు చూపిస్తుంది. నాన్నగారికి ఈ అద్భుతం చూపించాలని నా తాపత్రయం. మై డాక్యుమెంట్స్ మొత్తం డీ డ్రైవులోకి కాపీ చేసి, సీ డ్రైవు ఫార్మాట్ కొట్టి, ఎక్స్‌పీ ఎక్కించాను. గంటన్నర పని. కాలరెగరేశాను కూడా.

నాన్నగారు మై డాక్యుమెంట్స్‌లో ఎప్పుడూ ఏమీ దాచలేదు. సేవ్ కొడితే పేజ్‌మేకరు ఏ ఫోల్డరు చూపిస్తే అందులోనే దాచేవారు. అది పేజ్‌మేకరు సొంత ఫోల్డరు. సీ డ్రైవులో ఉండేది.

తెలుగు అక్షరాలు చూపిద్దామని అప్‌గ్రేడు చేసి, ఉన్న తెలుగు అక్షరాలు తుడిచేశాను.

ఆయన ఒక్క మాట అనలేదు. "పోన్లే, మళ్ళీ రాసుకుంటాను" అన్నారు. రాశారు కూడా, లాంగ్‌నోటు పుస్తకాల్లో, చేత్తో. కంప్యూటర్లోకి మాత్రం మళ్ళీ ఎక్కించలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తరవాత పేజ్‌మేకర్లో ఇంకా చాలా చేశారు. రిటైరైన ఉద్యోగుల అర్జీలు, గుడి కరపత్రాలు, చుట్టాల శుభలేఖలు, ఆయన సొంత వ్యాసాలు, అన్నీ కలిపి ఆరేడు వందల పేజీలుంటాయి. ఆ నలభై పేజీలు మాత్రం అట్ట పెట్టెలోనే ఉండిపోయాయి.

ఇదీ నా పాత కేసు. ఇప్పుడు కొత్త కేసుకొద్దాం.

ఇప్పుడున్న కంప్యూటరు 2017లో కొన్నది. ఏడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. పరుగులో ఏ లోటూ లేదు. కానీ విండోస్ 11 పెట్టిన షరతుల్లో టీపీఎం 2.0, సెక్యూర్ బూటుతో పాటు ప్రాసెసరు జాబితా ఒకటుంది. ఇంటెల్ అయితే ఏవో రెండు మూడు మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే. బయోస్‌లోకి వెళ్ళి చూస్తే టీపీఎం ఉంది, సెక్యూర్ బూటు ఉంది. ప్రాసెసరు దగ్గర మాత్రం ఒక్క తరంలో పోయింది.

కొల్లేరు చుట్టుపక్కల వాళ్ళకి ఇలాంటి గీతలు కొత్త కాదు లెండి. 1999లో ప్రభుత్వం +5 కాంటూరు లోపలి 77 వేల ఎకరాల పైచిలుకుని అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గీత అక్కర్లేదని నేననను. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళు నిలవడానికి చోటుండాలి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి, ఆటపాకలో గూడకొంగలు బతకాలి. గీత గీయకపోతే సరస్సే ఉండదు. విండోస్ గీత వెనకాలా కారణం ఉంది, పాత చిప్పుల్లో కొన్ని రకాల రక్షణ సాఫ్ట్‌వేరు సరిగ్గా నడవదు. కానీ గీతకి అరడుగు ఇవతల ఉన్నవాడికి కారణం అర్థమైనా కడుపు నిండదు కదా!

సరే, నా ముందున్న దారులివి.

ఒకటి, రిజిస్ట్రీలో మెలిక పెట్టి బలవంతంగా విండోస్ 11 ఎక్కించడం. నేను చెయ్యగలను. కానీ మద్దతు లేని యంత్రంలో రేపు ఏదైనా అప్‌డేటు బెడిసికొడితే నేనుండేది హైదరాబాదులో. ఫోనులో "నాన్నగారూ, ఎఫ్2 నొక్కండి, నొక్కారా?" అని ఆయన్ని వేధించడమే.

రెండు, ఏడాది పొడిగింపు. 2025లో ప్రకటించినప్పుడు ఇళ్ళల్లో వాడేవాళ్ళకి 2026 అక్టోబరు 13 దాకా అన్నారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు క్లౌడుకి పంపితే ఉచితం, లేదంటే 30 డాలర్లు. అది గడువు జరపడమే గానీ జవాబు కాదు.

మూడు, లినక్సు. నా మనసుకి నచ్చేది ఇదే. పాత యంత్రం హాయిగా నడుస్తుంది, యూనికోడు తెలుగు బాగుంటుంది. కానీ పేజ్‌మేకరు? వైన్‌లో నడిపించే ప్రయత్నం చెయ్యొచ్చు గానీ, డెబ్బై నాలుగేళ్ళాయనకి ఆ మాట ఎలా చెప్పేది?

నాలుగు, కొత్తది కొనడం. డబ్బు సమస్య కాదు. కానీ కొత్త డబ్బాలోనూ అదే ప్రశ్న మిగులుతుంది. 2001 నాటి పేజ్‌మేకరు 7 అందులో నడుస్తుందా? అను కీబోర్డు సాఫ్ట్‌వేరు నడుస్తుందా?

ఐదు, ఏమీ చెయ్యకపోవడం. మనలో చాలామంది ఇళ్ళల్లో జరిగేది ఇదే. అదెంత ప్రమాదమో 2017 మేలో వన్నాక్రై చూపించింది. మన రాష్ట్రంలోనూ కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని పేపర్లలో వచ్చింది. దానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్ళకే తగిలింది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆగి, ముక్కనుమ నాడు తాడేపల్లిగూడెం వెళ్ళాను. అక్కడ మా బాబాయిగారిది ఉల్లిపాయల మార్కెట్లో కమీషను వ్యాపారం. ఆయన కొట్లో కంప్యూటరు ఇంకా ఘోరం, విండోస్ 7! దానికి 2020 జనవరిలోనే మద్దతు పోయింది. టాలీ అందులోనే, బ్యాంకు లావాదేవీలు అందులోనే, లారీల లెక్కలు అందులోనే.

"బాగానే నడుస్తోంది కదరా, ఎందుకు మార్చడం?" అన్నారు. వైరసులూ, ప్యాచ్‌లూ అని పదినిమిషాలు చెప్పాను. ఆయన మధ్యలోనే ఆపి, "అంటే బస్తాలో ఒక పాయ కుళ్ళిందంటావ్. ఏరి పారెయ్యకపోతే బస్తా అంతా పోతుంది. అంతేనా?" అన్నారు. అంతే. నా పది నిమిషాల కంటే అదే బాగుంది. ఆ సాయంత్రమే కొత్తదానికి ఆర్డరు పెట్టాం, టాలీ డేటా రెండు చోట్ల భద్రం చేశాం.

తిరుగుబస్సులో కూర్చుంటే అప్పటికి బుర్రకెక్కింది. బాబాయిగారి కంప్యూటరు డబ్బులు దాటే చోటు, పొద్దస్తమానం నెట్టుకి అతుక్కుని ఉంటుంది. అక్కడ విండోసే ముఖ్యం. నాన్నగారి కంప్యూటరు అలాంటిది కాదు. ఆయన ప్రవచనాలు ఫోనులో వింటారు, కరెంటు బిల్లు నేను కడతాను, బ్యాంకు పనికి బ్యాంకుకే వెళతారు (అక్కడ పాత శిష్యులు కలుస్తారట). ఆ డబ్బాకి నెట్టుతో పనే లేదు. అది ఆయన బీరువా. నేను మూడు రోజులుగా బీరువాకి ఏ తాళం వెయ్యాలా అని ఆలోచిస్తున్నాను, లోపలి కాగితాలకి చెద పడుతుంటే.

చెద అని ఎందుకంటున్నానంటే, అను ఫాంటులో రాసినది కంప్యూటరు లెక్కలో తెలుగే కాదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు అమర్చి ఉంటాయి. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు ఇంకోచోట. ఆ ఫాంటుంటేనే అది తెలుగు, లేకపోతే పిచ్చి గీతలు. యూనికోడులో అలా కాదు. 1991 నాటి తొలి కూర్పు నుంచీ తెలుగుకి సొంత చోటుంది, 'క' అంటే ఏ యంత్రంలోనైనా 'క'యే. అంచేత నాన్నగారి ఆరేడు వందల పేజీలూ ఒక ఫాంటు మీద, ఒక కీబోర్డు సాఫ్ట్‌వేరు మీద, పాతికేళ్ళ నాటి పేజ్‌మేకరు మీద వేలాడుతున్నాయి. ఆ మూడింట్లో ఏది తెగినా 2004 మళ్ళీ వచ్చినట్టే. విండోస్ 11 ఎక్కించినా రావచ్చు, ఎక్కించకపోయినా రావచ్చు.

కాబట్టి చివరికి చేసిందిది. విండోస్ 10 అలాగే ఉంచేశాను. నెట్టు కేబులు పీకేసి, వైఫై ఆపేశాను. పెన్‌డ్రైవులు బయటివి పెట్టొద్దని నాన్నగారికి చెప్పాను. ఈసారి మై డాక్యుమెంట్స్ కాదు, డిస్కు మొత్తం వెతికి ప్రతి పేజ్‌మేకరు ఫైలునీ రెండు బయటి డిస్కుల్లోకి కాపీ చేశాను. ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా దగ్గర. ప్రతిదాన్నీ ఫాంటు అందులోనే ఇమిడేట్టు పీడీఎఫ్ చేశాను. ఎక్కడైనా చదువుకోడానికి అది చాలు. తరవాత అను నుంచి యూనికోడుకి మార్చే పరికరాలతో పాఠం మార్చడం మొదలెట్టాను. అవి నూటికి నూరు పాళ్ళూ సరిగ్గా మార్చవు. ఒత్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి, కొమ్ములు ఎగిరిపోతాయి. ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి.

ఆ ఎవరో ఒకరు దొరికారు. మొదటి ఇరవై పేజీలు ప్రింటు తీసి ఇస్తే, నాన్నగారు ఎర్రపెన్ను పట్టుకుని కూర్చున్నారు, పదో తరగతి పేపర్లు దిద్దినట్టు. "ఈ ఒత్తు ఎవడు పెట్టాడ్రా ఇక్కడ?" అని యంత్రాన్ని తిడుతూ. ఆపిల్ లేఅవుటుతోనే యూనికోడు కొట్టే సాఫ్ట్‌వేరు ఉందని, నా పాత ల్యాప్‌టాపులో పెట్టి చూపించాను. వేళ్ళు మర్చిపోలేదు. ఐదు నిమిషాల్లో ఒక పేరా కొట్టారు.

నేను బయల్దేరే రోజు, సంచీ సర్దుకుంటుంటే ఆయన లోపలికెళ్ళి అట్ట పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. నాలుగు లాంగ్‌నోటు పుస్తకాలు. ఫోనులో ప్రతి పేజీ ఫొటో తీసుకున్నాను.

"మామ్మ చెప్పినవన్నీ ఉన్నాయా నాన్నగారూ ఇందులో?" అని అడిగాను.

"నాకు గుర్తున్నవి ఉన్నాయి" అన్నారు.

ఇరవై రెండేళ్ళలో ఆ విషయం మీద మా ఇద్దరి మధ్యా నడిచిన మొదటి మాట అది.

ఆయన ఇప్పుడు రోజుకో పేజీ టైపు చేస్తున్నారు. చేదుపరిగె దాకా వచ్చారట. మీ ఇళ్ళల్లో కూడా అనులోనో, ఇంకే పాత ఫాంటులోనో పెద్దవాళ్ళు రాసినవి ఉంటే, ఆపరేటింగ్ సిస్టం సంగతి తరవాత చూడొచ్చు. ముందు వాటిని పీడీఎఫ్ చేసి రెండు చోట్ల దాచండి. ఫార్మాట్ కొట్టే ముందు మాత్రం సేవ్ ఎక్కడ చేశారో వాళ్ళనే ఓ మాట అడగండి. నేను అడగలేదు.