పానగల్లు కోటకు జొన్నలెన్ని?

సినిమాలో కోట ముట్టడి ఘట్టం వచ్చినప్పుడల్లా నా చూపు కథానాయకుని మీద నిలవదు, గోడ వెనుకకు పోతుంది. అక్కడ నిలుచున్న ఆ వేలాదిమంది పొద్దున ఏమి తిన్నారు? ఏ నీళ్ళు త్రాగారు? వారి గుర్రాలకు గడ్డి ఎక్కడిది? తెరమీద బాణాలు వానగా కురుస్తాయి, నిప్పుముద్దలు ఆకాశాన ఎగురుతాయి, నిచ్చెనలు లేస్తాయి, కూలుతాయి. ఒక్క గోనెసంచి గాని, ఒక్క నీళ్ళబాన గాని కనిపించదు.

2017లో వచ్చిన ‘బాహుబలి’ రెండవ భాగంలో తాటిచెట్లను వంచి, డాళ్ళను చుట్టూ కప్పుకొన్న సైనికులను గోడమీదుగా మాహిష్మతిలోకి విసిరే ఘట్టాన్ని చూసి నవ్వినవారు చాలామంది. అంత ఎత్తునుండి పడితే ఎముకలు మిగులుతాయా అని లెక్కలు వేసినవారూ ఉన్నారు. నాకు తాటిచెట్టుతో తగవు లేదు. విఠలాచార్య చిత్రాలూ, కాంతారావు కత్తియుద్ధాలూ చూస్తూ పెరిగినవాణ్ణి. వానరులు కొండశిఖరాలను పెరికి లంకమీద రువ్వితే భక్తితో తల ఊపినవాణ్ణి, తాటిచెట్టు దగ్గర భౌతికశాస్త్రం తీయడం న్యాయం కాదు. అయితే వాల్మీకి ఎంత కల్పన చేసినా కోట అంటే ఏమిటో మరువలేదు. యుద్ధకాండ ఆరంభంలోనే హనుమంతుడు లంకకున్న ద్వారాలను, అగడ్తలను, వాటిమీది వంతెనలను, యంత్రాలను రామునికి నివేదిస్తాడు. వానరులు గోడ ఎక్కబోయే ముందు మన్నూ, గడ్డీ, కట్టెలూ పోసి అగడ్తను పూడుస్తారు. అగడ్త పూడ్చడం ఏ కథానాయకుడూ చేయని పని. అది కూలిపని.

పాశ్చాత్యులూ ఇందులో మనకు తీసిపోలేదు. 2002లో వచ్చిన ‘ది టూ టవర్స్’ చిత్రంలో హెల్మ్స్ డీప్ అనే కోట ముట్టడి ఒక్క రాత్రిలో మొదలై తెల్లవారేసరికి ముగుస్తుంది. అందులో నాకు నచ్చినది ఒకటుంది: గోడ అడుగున నీరు పోయే తూము దగ్గర మందుగుండు పెట్టి శత్రువు గోడను పేలుస్తాడు. కోటకు తూమే బలహీనమైన చోటని ఆ కథ అల్లినవారికి తెలుసు. 2019 నాటి ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ధారావాహికలో ఆ పాటి తెలివి కూడా లేదు. రాళ్ళు రువ్వే యంత్రాలను కోట బయట, తమ సేనకు కూడా ముందు నిలిపి, ఆశ్వికదళాన్ని చీకటిలోకి తోలుతారు. గోడ ఎందుకు కట్టుకున్నట్లు?

నా అసలు తగవు కాలంతో. గోడ శత్రువును చంపదు, ఆపుతుంది. ఎన్నాళ్ళు ఆపగలదన్నదే దాని బలం. ఆ రోజులను కత్తిరించి ముట్టడిని ఒక రాత్రికి కుదిస్తే మిగిలేది గోడ పక్కన జరిగిన మామూలు యుద్ధమే.

ఎన్నాళ్ళు అనే ప్రశ్నకు మా వనపర్తి జిల్లాలోని పానగల్లు కోట జవాబు చెబుతుంది. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా 1417లో పానగల్లును ముట్టడించాడు. (నల్లగొండ పక్కనున్న పానగల్లే అది అనే చరిత్రకారులున్నారు. కృష్ణకు ఉత్తరాన, విజయనగర సరిహద్దును కాచుకొని ఉన్న మా గిరిదుర్గమే అన్న పక్షం నాది. అభిమానం కొంత కలిసి ఉంటే క్షమించండి.) ఆ ముట్టడి రెండేండ్లు సాగింది. దాదాపు రెండు శతాబ్దాల తరువాత బిజాపూరులో కూర్చుని చరిత్ర వ్రాసిన ఫిరిస్తా చెప్పినదాని ప్రకారం సుల్తాను సేనలో తెగులు పుట్టింది. మనుషులూ గుర్రాలూ చచ్చారు. పెద్ద పెద్ద సరదారులు విసిగి, చెప్పకుండా తమ జాగీర్లకు వెళ్ళిపోయారు. అప్పుడు, 1419లో, విజయనగరం నుండి మొదటి దేవరాయలు మిత్రసేనలతో వచ్చిపడ్డాడు. సుల్తాను ఓడిపోయాడు. అతని సేనాని మీర్ ఫజలుల్లాను అతని కొలువులోనే ఉన్న ఒక కన్నడ సేవకుడు, దేవరాయల ప్రలోభానికి లొంగి, చంపాడంటారు. 1422లో ఫిరోజ్ షా గద్దె దిగాడు.

ఆ రెండేండ్లలో కోటగోడ మీద జరిగిన వీరకృత్యాలు ఏవో ఉండే ఉంటాయి. కాని కోటను కాపాడినది వాటికంటె ఎక్కువగా కడుపు నిండడం.

తెలుగు పండితుణ్ణి, లెక్కలు నా సబ్జెక్టు కాదు. అయినా ఒకటి వేసి చూశాను. కోటలో వెయ్యిమంది ఉన్నారనుకుందాం. మనిషికి దినానికి అరకిలో జొన్నలు. దినానికి ఐదు క్వింటాళ్ళు, రెండేండ్లకు 3,650 క్వింటాళ్ళు. నేటి క్వింటా బస్తాలలో 3,650 బస్తాలు. మనిషికి ఐదు లీటర్ల చొప్పున నీళ్ళు, అంటే త్రాగడానికీ సంకటి వండడానికీ మాత్రమే, స్నానం మాట తలపెట్టకుండా, 36 లక్షల 50 వేల లీటర్లు. ఇందులో ఏనుగు లేదు, గుర్రం లేదు, పాలిచ్చే బర్రె లేదు. ఆ జొన్నలన్నీ ముట్టడి మొదలు కాకముందే కొండ ఎక్కాలి. మోసినవారెవరు? ఏ శాసనమూ వారి పేర్లు చెప్పదు.

మా వైపు జొన్నలను పాతరలో నిలువ చేసేవారు. గట్టినేలలో బానకడుపు ఆకారంలో గొయ్యి త్రవ్వి, లోపల గడ్డి పరిచి, ధాన్యం నింపి, మూతిని మన్నుతో మూసేసేవారు. గాలి ఆడదు గనుక పురుగు పుట్టదు. ఇక నీటికి కొండమీద దొనలు. మా ప్రాంతపు గిరిదుర్గాలు ఎక్కినవారికి ఆ రాతిదొనలు తెలుసు. రెండేండ్ల ముట్టడి అంటే రెండు వానాకాలాలు. క్రింద గుడారాలలో ఉన్నవాడికి వాన బురద, పైన ఉన్నవాడికి అదే వాన ప్రాణం. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు దుర్గంలో దాచవలసిన వస్తువుల పట్టిక ఇస్తాడు. నూనె, ధాన్యం, ఉప్పు, మందులు, ఎండిన కూరలు, గడ్డి, కట్టెలు, ఇంకా ఎన్నో. పాతవి వాడుతూ కొత్తవి నింపుతూ ఏండ్లకు సరిపడా ఉంచుకోవాలంటాడు. అచ్చంగా మన ఇల్లాలు ఊరగాయజాడీని చూసుకున్న పద్ధతి.

ఉద్యోగంలో ఉన్న రోజులలో పిల్లలను ఆ కొండకు తీసుకుపోయేవాణ్ణి. ఒకసారి నేను దేవరాయల వీరత్వాన్ని గొంతెత్తి వర్ణిస్తుంటే తొమ్మిదో తరగతి బాలిక ఒకతె అడిగింది: “రెండేండ్లు ఈడనే ఉన్నరు గద సార్, మరి దొడ్డికి యాడికి పోయిన్రు?” తరగతి అంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు, నిజంగానే అడిగింది. వేలాదిమంది, గుర్రాలు, ఎడ్లు ఒకేచోట రెండేండ్లు విడిసి ఉంటే ఆ నేల, ఆ నీళ్ళు ఏమవుతాయో ఆలోచించండి. తెగులు దైవికంగా వచ్చి పడిందని మన కథలు చెబుతాయి. ఆ పిల్ల ప్రశ్న దారిన పోతే దాని మూలం కనబడుతుంది. అంతవరకు నేను చదివిన ఏ చరిత్రపుస్తకంలోనూ ఆ ప్రశ్న లేదు.

ముట్టడించేవాడి కష్టం ఇంకా పెద్దది. లోపలివాడు దాచుకున్నది తింటాడు, బయటివాడికి రోజూ రావాలి. దక్కనులో మొగలు సేనల వెంట ఎడ్లబిడారులతో ధాన్యం మోసిన బంజారాలు లేకుంటే ఏ పాదుషా ఫర్మానూ పనిచేసేది కాదు. సినిమాలో వారికి చోటు లేదు. 1687లో ఔరంగజేబు గోలకొండ ముందు ఎనిమిది నెలలు కూర్చున్నాడు. గోడ క్రింద సొరంగాలు త్రవ్వి పెట్టిన మందు వెనుకకు పేలి మొగలు సైనికులనే చంపింది. వానలు, కరువు, రోగాలు శిబిరాన్ని పీడించాయి. చివరకు కోట ఎలా పడింది? అబ్దుల్లా ఖాన్ పనీ అనే సరదారు లంచానికి లోబడి రాత్రివేళ తలుపు తెరిచాడు. కౌటిల్యుడు దుర్గాన్ని పట్టడానికి ఐదు ఉపాయాలు చెబుతూ లోపలివారిని విరవడమనే ఉపజాపాన్ని మొదట, గోడమీద పడి కొట్టే అవమర్దాన్ని చివర ఉంచాడు. మన దర్శకులకు ఆ చివరిది ఒక్కటే తెలుసు. పైగా యుద్ధం చేసి గెలవగలిగినచోట నిప్పు పెట్టవద్దు, నిప్పును నమ్మరాదు అని కూడా ఆయన హెచ్చరించాడు. నిప్పు లేని ముట్టడి దృశ్యాన్ని ఏ నిర్మాత ఒప్పుకుంటాడు?

నిప్పు మాట వచ్చింది గనుక కాగే నూనె సంగతి. గోడమీదినుండి గంగాళాలతో నూనె కుమ్మరించడం సినిమాలవారికి మహా ఇష్టం. ఇప్పుడు గద్వాల, వనపర్తి చేలలో విరివిగా పండే వేరుశనగ దక్షిణ అమెరికా పంట, ఫిరోజ్ షా నాటికి మన దేశంలో లేదు. ఉన్నది నువ్వులు, ఆముదం. గానుగ ఆడించి బొట్టుబొట్టుగా తీసిన నూనె. బండి ఇరుసుకు పూసే కందెన అమ్మిన చోటు గనుక కందనవోలు అని కర్నూలుకూ, మా నాగర్‌కర్నూలుకూ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ఇరుసుకు పూసే చమురే ఊరికి పేరు తెచ్చే నేలమీద, దాన్ని గంగాళాలతో శత్రువుల నెత్తిన పోస్తారా? రాళ్ళున్నాయి కదా. పాలమూరులో రాళ్ళకు కరువేమి?

గోడ సంగతి కూడా కొంత చెప్పాలి. సినిమా కోట నున్నని రాతితో ఆకాశాన్ని తాకుతుంది. 18వ శతాబ్దపు ఆరంభంలో సోమనాద్రి కట్టించిన గద్వాల మట్టికోట. ‘మట్టికోటేనా’ అని పిల్లలు పెదవి విరిచేవారు. ఫిరంగుల కాలంలో మట్టిని మించిన గోడ లేదు. గుండు తగిలితే రాయి పగులుతుంది, మట్టి మింగుతుంది. 1805లో భరత్‌పూర్ మట్టికోటమీద ఇంగ్లీషు సేనాని లేక్ నాలుగుమార్లు దాడి చేసి నాలుగుమార్లూ విఫలుడయ్యాడు. ఫిరంగులకు పూర్వం కూడా, ఓరుగల్లు మట్టిగోడకు తగిలిన యంత్రపు గుండ్లు పిల్లలాడే కాయల్లాగా ఎగిరి వెనుకకు పడతాయన్న అర్థంలో అమీర్ ఖుస్రో వర్ణించాడు. అతడు గెలిచిన పక్షపు కవి, మనలను పొగడవలసిన పని అతనికి లేదు. ఆ గోడకు శత్రువు ఒకటే, వాన. ఏటేటా మెత్తేవారు ఉంటే నిలుస్తుంది, లేకుంటే కరుగుతుంది.

కృష్ణ దాటితే రాయచూరు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు దాన్ని ముట్టడించినప్పుడు గోడనుండి పెరికి తెచ్చిన రాళ్ళకు వాటి పరిమాణాన్నిబట్టి సేనానులు రూకలు చెల్లించారని నూనిజ్ వ్రాశాడు. గునపాలతో గోడ విరిచే కూలి, పెద్దరాయికి ఎక్కువ, చిన్నరాయికి తక్కువ. పోర్చుగీసు తుపాకులవాళ్ళు పైనున్నవారిని తల ఎత్తనీయలేదు. తొంగిచూసిన కోట అధిపతి నుదుట గుండు తగిలి చచ్చాడు. కోట లొంగింది. కవులు వర్ణించే రాయల దండయాత్రలో ఆ కూలిరేట్ల పట్టిక నాకు మరీ నమ్మదగినదిగా తోస్తుంది.

ఇదంతా సాంకేతికం. నన్ను కలత పెట్టేది వేరొకటి. ముట్టడి రానున్నదని తెలియగానే చుట్టుపట్ల పల్లెల జనం పిల్లాజెల్లలతో కోటలోకి వస్తున్నట్లు సినిమాలు చూపుతాయి. తలుపులు తెరుచుకుంటాయి, రాణి కన్నీరు తుడుస్తుంది. పై లెక్కను మళ్ళీ చూడండి. లోపలికి వచ్చిన ఒక్కొక్క నోటికి రెండేండ్లకు 365 కిలోల జొన్నలు. ఒక తల్లి, ఇద్దరు బిడ్డలు అంటే దాదాపు పదకొండు బస్తాలు. తలుపు దగ్గర నిలుచున్న కిల్లేదారు ఆ లెక్క వేయక తప్పదు. 1203-04లో ఫ్రెంచి రాజు షాటో గయ్యార్ అనే కోటను ముట్టడించినప్పుడు లోపలివారు పనికిరాని నోళ్ళని చెప్పి ముసలివారిని, స్త్రీలను, పిల్లలను బయటికి పంపారు. కొందరిని శత్రువు పోనిచ్చాడు. తరువాత వచ్చినవారిని పోనివ్వలేదు. కోటవారు తిరిగి లోపలికి రానివ్వలేదు. చలికాలంలో గోడకూ శిబిరానికీ నడుమ వారిలో చాలామంది ఆకలితో చచ్చారు.

పానగల్లు తలుపు దగ్గర ఏమి జరిగిందో ఏ ఫిరిస్తా వ్రాయలేదు. మాది వలసల నేల. కరువు ఏండ్లలో ముల్లె సర్దుకొని, ముసలివారిని ఇంటి దగ్గర వదిలి బస్సెక్కిన తల్లిదండ్రుల పిల్లలకు నేను పద్యాలు చెప్పాను. ఎవరు వెళ్ళాలి, ఎవరు మిగలాలి అన్న లెక్కను ఆ ఇండ్లలో చూశాను. అందుకే తెరమీద కోటతలుపు అంత సులువుగా తెరుచుకుంటే నాకు మింగుడుపడదు. గెలిచిన తరువాత కథ కూడా అంతే. దేవరాయల గెలుపు వెనుక యుద్ధభూమిలో తలలతో దిబ్బ కట్టారని, సుల్తాను సీమలను పాడుచేశారని ఫిరిస్తా అంటాడు. ఓడినపక్షపు చరిత్రకారుడు గనుక పెంచి వ్రాసి ఉండవచ్చు. పూర్తిగా లేనిది వ్రాశాడని మాత్రం నేను అనుకోను. ఆ రెండేండ్లు సేనలు మేసిన పొలాలు ఎవరివి?

ఖిల్లా ఘనపురంలో గోన గణపారెడ్డి పేరిట కోట ఉంది, దాని దగ్గరే గణపసముద్రమనే చెరువు ఉంది. 2015లో ‘రుద్రమదేవి’ చిత్రం వచ్చాక గోన గన్నారెడ్డి గుర్రమూ, మాటలూ కుర్రవాళ్ళ నోట నానాయి. చెరువును ఎవరూ తలవలేదు. ఈ ముట్టడుల వరుసలో నాకు మిక్కిలి బుద్ధిగల రక్షణగా కనబడేది అదే.

ఇప్పుడు పాతకోటలలో గుప్తనిధుల కోసం రాత్రులు త్రవ్వుతున్నారు. బురుజుల మొదట, విగ్రహాల క్రింద గుంతలు. రెండేండ్లు ఎవరూ బంగారం తిని బ్రతకలేదని వారికి ఎవరు చెప్పాలి! అలా త్రవ్వుతూ పోతే ఎక్కడో ఒకచోట పాతర మూతి తగలవచ్చు. పాతరను తెరిచిన వెంటనే దిగకూడదు. లోపలి చెడుగాలి పోయేదాకా ఆగి, ముందు దీపాన్ని దింపి, అది ఆరకుండా ఉంటేనే మనిషి దిగాలి. మా పెద్దవాళ్ళందరికీ ఈ జాగ్రత్త తెలుసు. త్రవ్వేవాళ్ళకు తెలుసో లేదో.