రెండు అక్షింతల పురుగులు



లాలాపేటలో మా పెరడు మిక్కిలి చిన్నది. నాలుగు వంగమొక్కలు, ఒక చిక్కుడుపాదు, అంతియే. ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లు చేరువనుండుటచేత గాబోలు, తొలకరి పడినది మొదలు పురుగులకు కొదువ లేదు. పురుగు కనబడిన తోడనే పురుగుమందు చల్లు ఇల్లాండ్రు పెక్కురు. ఆ వంకాయలనే మరల బిడ్డలకు వండిపెట్టవలయును గదా! కావున ముందు పురుగు నెఱిగి, పిమ్మట దాని సంగతి చూచుట మేము నియమముగా పెట్టుకొంటిమి.

పెంకుపురుగునకు కాళ్లు ఆఱు. ముందురెక్కలు గట్టి పెంకులై వీపు నడుమ తిన్నని గీతగా కలియును. ఎగురుటకైన పలుచని రెక్కలు వాని క్రింద మడతపడియుండును. మిణుగురు, పేడపురుగు, బియ్యములోని ముక్కుపురుగు, పిల్లలు అగ్గిపెట్టెలలో దాచుకొను జీరంగి, అన్నియు ఈ తెగవే. ఆర్ద్రకార్తెలో కనబడు ఆరుద్రపురుగు మాత్రము కాదు. మన కవుల ఇంద్రగోపమైన దానికి కాళ్లెనిమిది, రెక్కలు లేవు. అది సాలెపురుగునకు చుట్టము.

చిక్కెల్ల అక్షింతల పురుగుతోనే. ఆ పేరు గలవి రెండున్నవి. మొదటిదాని వీపు నున్ననై నిగనిగలాడును. ఎఱ్ఱని వీపుపై 7 నల్లచుక్కలు గలది అందరెఱిగినది. ఇది ఆకును ముట్టదు, చిక్కుడుతీగెను పీల్చు పేనుబంకను భక్షించును. దీని పిల్ల నల్లగా, పొడవుగా, చిన్న మొసలివలె నుండి రోత పుట్టించును గాని, అదియు పేనుబంకనే తినును.

రెండవది వంగకు శత్రువు. రాగిరంగు వీపుపై సన్నని నూగుండుటచే నిగారింపు లేదు. చుక్కలు సాధారణముగా 28. ఆకుపసరును గీరి తిని, ఈనెల వలను మాత్రము మిగుల్చును. దీని పిల్ల పసుపుపచ్చనై ముండ్లతో నుండును.

మందునకు ఈ భేదము తెలియదు, రెంటిని చంపును. పిదప తినువారు లేక పేనుబంక ఇనుమడించును. నాలుగు మొక్కలకు మందేల? ఉదయమున ఆకులు తిరుగవేసి, ముండ్లపిల్లలను, నిగారింపులేని పెద్దవానిని ఏఱి సబ్బునీట వేసిన చాలును. గ్రుడ్లు రెంటివియు పసుపుపచ్చనివే కనుక, వాని జోలికి పోవలదు.

మావారు బడిపిల్లలకు ఈ రెంటిని ప్రక్కప్రక్కన చూపుచుందురు. ఇంట ఆ పని మనది. పేరొక్కటైనంతనే గుణమొక్కటి కాదని బిడ్డలకు తెలుపుటకు ఇంతకంటె సులభమైన పాఠము మఱి యేది?