అయోగ్యుడా? అయోగ్యముగానా?

దేవుడు ప్రేమాస్వరూపి అని ఒప్పుకోని క్రైస్తవుడు ఉండడు. కానీ "నన్ను కూడా ప్రేమిస్తున్నాడు, నేనెళ్తే రమ్మంటాడు" అని ధైర్యంగా అనగలిగేవాళ్ళు ఎంతమంది? నేను చూసినంతవరకు చాలా తక్కువ.

ఈ ధైర్యం ఎంతుందో తెలిసేది ప్రభు బల్ల దగ్గర. అచ్యుతాపురంలో ఆరాధనకి వచ్చేవాళ్ళలో సెజ్‌లో బట్టల కంపెనీల్లో, మందుల కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు చాలామంది. రొట్టె పళ్ళెం దగ్గరికి రాగానే వీళ్ళలో కొందరు తలొంచుకుని పక్కవాళ్ళకి అందించేస్తారు. బాప్తిస్మం తీసుకుని ఏళ్ళయినవాళ్ళే! ఎందుకక్కా అని ఒకావిడని అడిగితే, "నాలాటోళ్ళు ముట్టుకోకూడదు తమ్ముడూ. ఆదివారం డ్యూటీ పడితే రాను, వచ్చినా సగంలో వస్తాను. ఇంట్లో రోజూ తగువే. అయోగ్యంగా తీసుకుంటే శిక్ష కదా" అంది.

ఈ భయం ఊరికే పుట్టలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో అయోగ్యముగా తినేవాడి గురించి పౌలు చేసిన హెచ్చరిక ప్రతి బల్లకీ ముందు చదువుతారు. అక్కడితో ఆపేస్తారు. చిక్కంతా అక్కడే. ఒక్క లైను చూసి ప్రోగ్రాం మొత్తం అర్థమైపోయిందనుకుంటే ఏమవుతుందో మా వృత్తిలో వాళ్ళకి బాగా తెలుసు :)

కాస్త పైకెళ్ళి చదవండి. కొరింథులో జరుగుతున్నదేంటి? కలిగినవాళ్ళు ఎవరి భోజనం వాళ్ళు ముందే కానిచ్చేస్తున్నారు, తాగి మత్తెక్కుతున్నారు. లేనివాళ్ళు ఆకలితో కూర్చుంటున్నారు. పౌలుకి కోపం వచ్చింది దీనికి. చివర్లో ఆయనిచ్చిన పరిష్కారం కూడా అదే: ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి అని. పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే కూలీలు, బానిసలే ఆ ఆకలితో మిగిలినవాళ్ళని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. అంటే షిఫ్టు దిగి ఆలస్యంగా వచ్చేవాళ్ళ తరఫున రాసిన మాటని, వాళ్ళనే భయపెట్టడానికి వాడుతున్నాం!

ఇంకోటి. అక్కడున్నది "అయోగ్యముగా", "అయోగ్యుడు" కాదు. మొదటిది తినే తీరు గురించి, రెండోది తినే మనిషి గురించి. యోగ్యులే రావాలంటే ఆ బల్ల దగ్గర పాస్టరు గారితో సహా ఎవరూ మిగలరు. తనని తాను పరీక్షించుకోమని పౌలు అన్నమాట నిజమే, కానీ పరీక్షించుకుని మానెయ్యమనలేదు, తినమన్నాడు.

యోగ్యత గొడవ మన తెలుగు సంఘాలకి కొత్త కాదు. 1866లో ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగలు రావడం మొదలుపెట్టారు. వీళ్ళని చేర్చుకుంటే మేం రాం అని పైకులాలవాళ్ళు చెప్పేశారు. క్లౌ దంపతులిద్దరూ ఏం చెయ్యాలో తేల్చుకోలేక, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందని క్లౌ చెప్పుకున్నాడు. అదీ ఈ కొరింథు పత్రికలోదే, మొదటి అధ్యాయం. లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట. పెద్దకులాల రాక పోతే పోనీ అనుకుని తలుపు తెరిచే ఉంచారు.

అలాగని ఆయన ఎవరినిబడితే వాళ్ళని చేర్చుకున్నాడనీ కాదు. 1876-78 కరువులో, తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పనులు అయిపోయి, ఇచ్చేందుకు ఏమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊళ్ళో బావి దగ్గరికి రానివ్వని మనుషులు దేవుడు మాత్రం తమని రానిస్తాడని నమ్మారు. ధైర్యమంటే నాకైతే అదీ.

వాళ్ళ ముని మనవలూ, మనవరాళ్ళూ ఈరోజు అదే దేవుడి ముందు చెయ్యి చాపడానికి జంకుతుంటే తప్పు వాళ్ళది కాదు, అధ్యాయంలో సగమే చదివి వినిపిస్తున్నవాళ్ళది. పాస్టరు గార్లకి ఒక్కటే మనవి. ఈసారి బల్ల ముందు ఇంకొన్ని వచనాలు కిందికి, ఒకరి కోసం ఒకరు ఆగమన్నదాకా చదవండి. వీలైతే రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు వచ్చేదాకా పదినిమిషాలు ఆగండి కూడా.